రేకు డబ్బాలో శనగలు

పిడుగురాళ్ల హైవే మీద ఒక బండి పోతూ ఉంటే, మా తాత షౌకత్ నరసరావుపేటలో తన షెడ్డు ముందు మంచం మీద పడుకుని ఆ చప్పుడు విని, దాని ఇంజన్ ఆయిలు మార్చి ఎన్ని నెలలైందో చెప్పగలడు. వెనక కూర్చున్నది పెళ్లామా, బావమరిదా అన్నది కూడా చెప్పగలడు. బావమరిది అయితే బండి కాస్త విసుగ్గా మోగుతుందట. గుంటూరు నుంచి మాచర్ల దాకా మా తాత దగ్గర అబద్ధమాడి తప్పించుకున్న మోటారు సైకిలు ఇంతవరకు తయారు కాలేదు.

ఇందులో సగం నేను కల్పించింది. మిగతా సగం తాత కల్పించి నాకు చెప్పింది. ఈ రెండు సగాలూ తీసేసినా కొంచెం నిజం మిగులుతుంది. అదెంతో పోయిన నవంబరులో ఒక రోజున తేలింది.

మా షెడ్డు వినుకొండ రోడ్డులో ఉంది. బోర్డు మీద తాత పేరు వానలకు కొట్టుకుపోయి చివరి రెండక్షరాలే మిగిలాయి. మళ్లీ రాయించమంటే, రావలసినవాళ్లకు దారి తెలుసంటాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. నీలం లుంగీ, ఒకప్పుడు తెల్లగా ఉండిన బనీను, కాడ విరిగితే క్లచ్చి వైరు పోగుతో కట్టుకున్న కళ్లజోడు. గోళ్లలో ఉన్న నలుపు పెళ్లినాటికే ఉందని నానమ్మ కుల్సుం ఒట్టు పెట్టి చెబుతుంది. శుక్రవారం షెడ్డు మూస్తాడు. నమాజు నుంచి వచ్చాక ఏం తోచక, బాగానే తిరుగుతున్న నానమ్మ మిక్సీ విప్పుతాడు. అందుకే మా ఇంట్లో శనివారం ఎప్పుడూ రోటి పచ్చడే.

తాత తండ్రి రైలు స్టేషను నుంచి ఊళ్లోకి జట్కా తోలేవాడు. తాతకు ఎనిమిదేళ్లున్నప్పుడు జట్కాలో వెనక కూర్చుని, "ఎడమ వెనక కాలు నాడా వదులైంది" అన్నాడట. దిగి చూస్తే నిజంగానే ఒక మేకు ఊడి ఉంది. ఆ రోజు నుంచి మా ముత్తాత స్కూలు మాన్పించి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడని తాత అంటాడు. స్కూలువాళ్లే మాన్పించారని నానమ్మ అంటుంది. గుర్రం తర్వాత పొలాల్లో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, వాటి వెనకే బండ్లు వచ్చాయి. "వాహనాలు మారినయ్యే గాని చెవి అదే" అని తాత గొప్పలు పోయేవాడు. ఈ చెవి సంగతి గుర్తుపెట్టుకోండి.

తాత దగ్గర ఒక పద్ధతి ఉంది. బండి తీసుకువచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, ముందు ఇంజన్ స్టార్టు చేయనివ్వడు. తాళం చెవి తన చేతిలోకి తీసుకుని, "ఎట్టా మోగుతందో నోటితో పలుకు" అంటాడు. ఒకసారి ఒక ఊరి ప్రెసిడెంటు వెనక పదిమందిని వేసుకుని వచ్చాడు. మీసాలు రెండు చెవుల దగ్గరికి పోయి ఉన్నాయి. "షౌకత్ భాయ్, ఇంజన్‌లో ఏదో చప్పుడు, చూడు" అన్నాడు. "ఏం చప్పుడో పలుకు ప్రెసిడెంటుగారూ" అన్నాడు తాత. ఆయన వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు, చివరికి గొంతు తగ్గించి "టిక్కు టిక్కు" అన్నాడు. "గట్టిగా. ఎలచ్చన్లో మైకు పట్టుకున్నట్టు." ప్రెసిడెంటు గట్టిగా "టిక్కు టిక్కు" అన్నాడు. వెనకున్న పదిమందీ ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు. అది టాపెట్ చప్పుడు, వాల్వు దగ్గర సందు పెరిగితే వస్తుంది. పావుగంట పని. ఆ పావుగంట సంగతి ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

ఎందుకీ పద్ధతి అంటే, బండి షెడ్డుకు వచ్చేసరికి బుద్ధిమంతురాలై నోరు మూసుకుంటుందట. రోజూ దాని మీద కూర్చునేవాడి నోట్లోనే అసలు చప్పుడు ఉంటుందట. చేతి గడియారంలాగా ఆగకుండా టిక్కుమంటే టాపెట్. పొద్దున్నే దగ్గి, ఒళ్లు వేడెక్కాక మానేస్తే పిస్టన్ అరిగింది. గాజులు కదిలినట్టుంటే టైమింగ్ చైను. అన్నిటికంటే కిందనుంచి, రోకలి పోటులాగా డబ్బు డబ్బుమని వస్తే మాత్రం క్రాంకు దగ్గర కనెక్టింగ్ రాడ్డు పోయినట్టు. ఆ మాట చెప్పేటప్పుడు తాత గొంతు చావు కబురు చెప్పినట్టు ఉంటుంది. ఇంజన్ మొత్తం విప్పాలి. పాత బండి అయితే చాలామంది విప్పించరు, తూకానికి ఇచ్చేస్తారు.

నోటి పరీక్ష అయ్యాక స్క్రూడ్రైవరు పరీక్ష. మూరెడు పొడుగు, కట్టె పిడి. దాని మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. డాక్టరుకు మెడలో వేలాడేది ఎలాగో తాతకు ఇది అలాగ. చిన్నప్పుడు నా చెవికి పెట్టి వినిపించేవాడు. నాకు లోపల ఎవరో పళ్లు నూరుతున్నట్టు ఉండేది తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. తర్వాత ఇంటరులో ఫిజిక్సు మేడమ్ కూడా ధ్వని గురించి ఏదో చెప్పింది. అదీ తెలియలేదు. ఇంటరు అక్కడితో ఆగింది.

రెండేళ్ల నుంచి ఇంట్లో మాకు ఒక అనుమానం. నానమ్మ అన్నానికి మూడుసార్లు పిలిస్తే తాత రాడు. వీధి చివర లారీ గేరు మారిస్తే మాత్రం తల తిప్పుతాడు. ఒక రోజు తన చొక్కా జేబులోనే ఫోను మోగుతూ ఉంటే పక్కింటి మేకలు అరుస్తున్నట్టు కూడా పట్టించుకోలేదు. మా నాన్న ఐజాజ్ బ్యాటరీ షాపులో పనిచేస్తాడు. మాట తక్కువ మనిషి, కానీ అన్నీ చూస్తూ ఉంటాడు.

"అబ్బా, చెవుల డాక్టరు దగ్గరికి పోదాం పా" అన్నాడు తాతతో.

"నా చెవికేమైందిరా? ఆ ఫోనే నీరసంగా మోగుతంది."

"వినపడకుండా రిపేర్లు ఎట్టా చేస్తావు? రేపు ఒకడి బండికి లేని రోగం చెప్పావనుకో, యాభై ఏళ్ల పేరు పోద్ది. షెడ్డు మూసెయ్. ఇంట్లో కూర్చో."

తాతకు కోపం వచ్చింది. జేబులోంచి షెడ్డు తాళం తీసి అందరి ముందూ ఆడించాడు. "ఇదుగో కుల్సుం, నువ్వే సాక్షి. ఒక్క బండి రోగం తప్పు చెప్తే, ఆ రోజే ఈ తాళం వీడి చేతిలో పెడతా. మళ్లీ పానా ముట్టుకోను. ఇంట్లో కూర్చుని నీ తిట్లు వింటా."

"అవి మాత్రం వినపడతయ్యా?" అంది నానమ్మ.

ఒప్పందం అది. ఆ తర్వాత ప్రతి బండికీ నాన్న సాయంత్రం వచ్చి, "ఏమన్నాడు? ఏం తేలింది?" అని నన్ను అడిగేవాడు. నేను షెడ్డులో సామాన్ల చిట్టీలు రాస్తూ కూర్చుంటాను కాబట్టి నాకు తెలుస్తుంది. ఆరు నెలల్లో తాత ఒక్కటీ తప్పు చెప్పలేదు. నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. తాతకు చెబితే మంచం దిగడని చెప్పలేదు.

నవంబరులో మిరప తోటలకు మందులు కొట్టే రోజులు. ఒక పొద్దున శావల్యాపురం వైపు నుంచి గోపాలరావు, ఆయన భార్య మల్లీశ్వరి వచ్చారు. తాతకు పాత బేరం. బండి ఇరవై ఏళ్లనాటి నూరు సీసీది. దాని ట్యాంకు మీద రంగు పోయి, గోపాలరావు మోకాళ్లు ఆనే చోట రేకు మెరుస్తూ ఉంది. రాత్రి ఊళ్లోనే వదిలిపోయిన ఆ బండిని స్టార్టు చేసుకుని కాదు, తోసుకుంటూ తెచ్చాడు.

"అయిపోయింది మామా" అన్నాడు గోపాలరావు చెమట తుడుచుకుంటూ. "నిన్న మన్సూర్‌కి చూపిచ్చా. క్రాంకు పోయిందన్నాడు. ఇంకా తోలితే రాడ్డు బయటికొస్తదన్నాడు. నీ మాట కూడా ఒకటి విని తూకానికి ఇచ్చేద్దామని."

మన్సూర్ ఒకప్పుడు తాత దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఊళ్లో పెద్ద వర్క్‌షాపు, గోడకు కంప్యూటరు. మంచివాడు. ఇప్పటికీ తాతను ఉస్తాద్ అనే పిలుస్తాడు.

తాత తాళం చెవి అందుకుని, "పలుకు" అన్నాడు.

"డబ్బు డబ్బు డబ్బు" అన్నాడు గోపాలరావు.

"మళ్లీ."

"డబ్బు డబ్బు."

తాత మొహం చిట్లించాడు. "ఇది నీ చప్పుడు కాదురా. మన్సూర్ చెప్పిన చప్పుడు. నిన్నటిదాకా నీకెట్టా వినపడింది?"

"ఆయనకేం వినపడుద్ది బాబాయ్!" వెనకనుంచి మల్లీశ్వరి అందుకుంది. "ఎక్కిన కాడి నుంచి దిగేదాకా చెవిలో ఫోను. ఎనక కూసునేదాన్ని నేను. నన్ను అడుగు."

"ఏమే, నువ్వు మెకానిక్కువా?" అన్నాడు గోపాలరావు.

"నువ్వా?"

తాత ఇద్దరినీ ఆపి, మల్లీశ్వరిని స్టూలు మీద కూర్చోబెట్టాడు. "చెప్పమ్మాయ్. నిదానంగా."

ఆమె కళ్లు మూసుకుంది. "రేకు డబ్బాలో గుప్పెడు శనగలు పోసి ఆడిచ్చినట్టు ఉంటది బాబాయ్. కటకటకట అని, సన్నంగా. ఇంటికాడ స్టార్టు చేస్తే రాదు. పోయినేడు మిగిలిన మిరపకాయ గోతం, ఆ టిక్కీ ఎనక కట్టుకుని కాలవ కట్ట ఎక్కేటప్పుడు వస్తది. ఎక్కినాక పోద్ది."

తాత బండి స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు తీసి మొన క్రాంకు దగ్గర ఆనించాడు. పిడి చెవికి పెట్టుకోలేదు. పళ్లతో కరిచి పట్టుకున్నాడు. కళ్లు మూసి, ఇంజన్‌కు ముద్దుపెడుతున్నట్టు వంగి నిలబడ్డాడు. నేను ఆ పిడి వంక చూశాను. దాని మీద పంటి గాట్లు నిండా ఉన్నాయి. అవి కొత్తవి కావు. రెండేళ్ల నాటివైనా అయి ఉంటాయి. రోజూ పక్కనే కూర్చుని చిట్టీలు రాసే నేను ఇది చూడలేదు.

"కింద శుభ్రంగా ఉంది" అన్నాడు తాత పిడి వదిలి. "క్రాంకు పోలా."

సరిగ్గా అప్పుడు నాన్న వచ్చాడు, వెనకే మన్సూర్. గోపాలరావు తాత దగ్గరికి వస్తున్నానని మన్సూర్‌కు చెప్పాడట, మన్సూర్ నాన్నకు చెప్పాడట. నరసరావుపేటలో ఒక బండి కంటే ముందు దాని కబురు తిరుగుతుంది.

"ఉస్తాద్, నేను హైవే మీద తోలి చూశా" అన్నాడు మన్సూర్ మెల్లగా. "చప్పుడు ఖాయంగా ఉంది. లక్ష కిలోమీటర్లు దాటిన బండి. ఇంకేముంటది చెప్పు?"

"నేను కింద విన్నా. ఏం లేదు."

నాన్న తాత దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టు కాకుండా మామూలుగానే అన్నాడు. "ఏం లేదా అబ్బా, నీకు వినపడలేదా?"

తాత నాన్న వంక చూశాడు. జేబు తట్టుకున్నాడు. లోపల తాళం గలగలమంది.

"సాయంత్రానికి తేలుస్తా. క్రాంకు అయితే తాళం నీది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒసే నిఖత్, ఎక్కు. కోటప్పకొండ పోదాం" అన్నాడు.

"నేనెందుకు?"

"టిక్కీకి బదులు. నువ్వు ఆమాత్రం ఉంటావు."

మన్సూర్ నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు. దారిలో లెక్క తేల్చుకుందామని ఎక్కాను.

కొండ కిందిదాకా చదును రోడ్డు మీద బండి బుద్ధిగానే పోయింది. కొండ కింద ఆపి, దిగకుండానే తల వెనక్కి తిప్పాడు.

"ఇప్పుడు చెప్పేది మీ నాన్నకు చెప్పమాక. నాకు లావు చప్పుళ్లు వస్తన్నాయి. సన్నవి రావట్లా. రెండేళ్లయింది. ఆ శనగలు నాకు వినపడవు."

నేను ఏదో ఒకటి అనకుండా ఉండడం అరుదు, అందుకే తాత మళ్లీ అన్నాడు, "విన్నావా లేక నీక్కూడా చెవుడా?"

"మరి టాపెట్లు ఎట్టా చెప్తన్నావు తాతా?"

"ఆగిన బండికి పిడి పంటికి పెట్టుకుంటే ఎముకలోంచి వస్తది. నడిచే బండి మీద ఏం పెట్టుకోను, హ్యాండిలా?" బండి గేరు వేశాడు. "శనగలు మొదలైతే నా వీపు మీద కొట్టు. ఆగితే ఆపు. నీకు తెలిసినట్టు ఏదేదో చెప్పొద్దు. కొట్టు, అంతే."

ఘాట్ రోడ్డు ఎక్కాం. కోతులు గోడల మీద కూర్చుని చూస్తున్నాయి. మొదటి మలుపు దాకా ఏమీ లేదు. రెండో మలుపు దగ్గర ఎత్తు పెరిగింది. మూడో గేరులో బండి ఆయాసపడింది, అప్పుడు మొదలైంది. కటకటకట. మల్లీశ్వరి చెప్పినట్టు అచ్చం శనగలే. కొట్టాను. తాత వెంటనే రెండో గేరులోకి దించాడు. శనగలు ఆగాయి. చెయ్యి ఆపాను. మళ్లీ మూడో గేరులోకి మార్చి ఎక్స్‌లేటర్ మొత్తం తిప్పాడు. కొట్టాను, కొట్టాను, కొట్టాను. వదిలేశాడు. ఆపాను. ఒకసారి చప్పుడు లేకపోయినా టిక్కీ అన్నందుకు ఒకటి కొట్టాను.

"అది దొంగది" అన్నాడు తాత తల తిప్పకుండా.

ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మలుపులో బండి ఆపి, న్యూట్రల్లో పెట్టి గట్టిగా రేజ్ చేశాడు. నా చెయ్యి కదల్లేదు, ఎందుకంటే చప్పుడే లేదు. తాత వీపు చిన్నగా కదిలింది. నవ్వుతున్నాడు. "రాడ్డు పోతే గేరు మార్చినంత మాత్రాన నోరు మూయదే. బరువు మీద పడితేనే అరుస్తంది ఇది. రోగం కింద లేదు. పైన ఉంది, మంట మండే చోట."

"అంటే?"

తాత ట్యాంకు మూత తీసి, ముక్కు దగ్గరగా పెట్టి మూడుసార్లు వాసన చూశాడు. మూత బిగించాడు. "షెడ్డుకు పద" అన్నాడు. దారి పొడుగునా నేను అడుగుతూనే ఉన్నాను. ఆయనకు నిజంగా వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో కనిపెట్టే మార్గం లేదు. చెవిటితనంలో ఆ సుఖం ఒకటి ఉందని ఆ రోజే తెలిసింది.

షెడ్డులో నలుగురూ అలాగే కూర్చుని ఉన్నారు. టీ గ్లాసులు ఖాళీగా ఉన్నాయి. తాత మంచం మీద కూర్చుని గోపాలరావును అడిగాడు.

"మిరప ఎన్నెకరాలు?"

"ఆరు మామా. దానికీ దీనికీ ఏందీ?"

"మందు చేతి పంపుతోనా, పెట్రోలు పంపుతోనా?"

"తైవాన్ పంపుతో. ఆరెకరాలు చేత్తో కొడితే భుజం ఊడొస్తది."

వీపున తగిలించుకునే ఆ పెట్రోలు పంపు మా వైపు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. దాని చిన్న ఇంజన్‌కు వేరే ఆయిలు గది లేదు. అందుకని పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తారు. తాత లేచి, దినపత్రిక ముక్కలు రెండు చించి ఎండలో పరిచాడు. షెడ్డులో ఉన్న సీసాలోంచి ఒక చుక్క పెట్రోలు మొదటి ముక్క మీద వేశాడు. గోపాలరావు బండి ట్యాంకులోంచి ఒక చుక్క రెండోదాని మీద వేశాడు. అందరం చుట్టూ నిలబడి చూశాం. మొదటి చుక్క చూస్తుండగానే ఎగిరిపోయింది, కాగితం ఎప్పటిలాగా అయింది. రెండోది కూడా ఎండింది, కానీ గారెలు పెట్టి తీసిన కాగితంలాగా జిడ్డు మరక మిగిలింది.

మన్సూర్ ముందుగా వంగి మరకను వేలితో రుద్దాడు. వాసన చూశాడు.

"బండిలో పంపు పెట్రోలు పోసిందెవరు?" అన్నాడు తాత.

"ఎవరు పోస్తారు మామా! నేను బంకులో తప్ప..." అని గోపాలరావు మొదలుపెట్టి, ఆగి, పక్కకు చూశాడు.

మల్లీశ్వరి కొంగు సర్దుకుంటోంది. "మరి పారబోయమంటావా బాబాయ్?" అంది. "మందు కొట్టిన ప్రతిసారీ డబ్బా అడుగున మిగులుద్ది. పెట్రోలే గదా, పైగా ఆయిలు కూడా కలిసింది, బండికి ఇంకా బలం అనుకున్నా. ఆగస్టు నుంచి పోస్తన్నా."

"ఒసేయ్, నాకొక్క మాట చెప్పొద్దా!"

"చెప్పా. ఫోన్లో ఎవరితోనో మిరప రేటు మాట్లాడతా ఊఁ అన్నావు."

తాత చెయ్యి ఎత్తి ఇద్దరినీ ఆపాడు. "పంపుకి అది పాలు. ఈ బండికి విషం. ఆయిలు మండక, మాడి, పిస్టన్ నెత్తిన పేరుకుంటది. ఆ మాడు నిప్పులాగా కాగుతా ఉంటే, బరువు ఎక్కినప్పుడు పెట్రోలు ప్లగ్గు చెప్పకముందే అంటుకుంటది. అప్పుడు పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు. అయ్యే నీ శనగలు."

"అది ఉస్తాద్ అనుకోడం" అన్నాడు మన్సూర్. పొగరుగా కాదు, బడిలో పిల్లాడు లెక్క సరిచూడమన్నట్టు అన్నాడు. "క్రాంకు కూడా పోయి ఉండొచ్చు గదా?"

"అందుకే హెడ్ నువ్వే దించు. చూసేది నువ్వే. నేను ముట్టుకోను" అన్నాడు తాత.

మన్సూర్ చేతులు చొక్కాకు తుడుచుకుని కూర్చున్నాడు. యాభై మంది పనివాళ్ల ముందు నిలబడే మనిషి, ఆ నేల మీద, తాను పని నేర్చుకున్న చోటే గొంతుక్కూర్చుని, ఇంజన్‌కు మూతలాంటి ఆ హెడ్ విప్పాడు. నాన్న నిలబడే ఉన్నాడు. తాత మంచం మీద కాళ్లు ఊపుతున్నాడు గాని, చెయ్యి మాత్రం జేబు మీదే ఉంది. గంట పట్టింది. హెడ్ పైకి లేవగానే పిస్టన్ నెత్తి కనపడింది. కడగని అట్ల పెనంలాగా దళసరిగా నల్లటి మాడు, అంచుల్లో పెళ్లలు కట్టి ఉంది. మల్లీశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మన్సూర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు బొటన వేళ్లతో కిందికి నొక్కాడు. రాడ్డు వదులైతే పిస్టన్ టక్కున కొంచెం దిగాలి. దిగలేదు. మళ్లీ నొక్కాడు, ఒళ్లంతా వేసి. తల ఎత్తి నాన్న వంక చూశాడు, తర్వాత తాత వంక.

"ప్లే లేదు ఉస్తాద్. రాయిలాగా ఉంది."

తాత అప్పుడు మంచం దిగాడు. మాడు గీకడం, ట్యాంకు ఖాళీ చేసి కడగడం, హెడ్ ఎక్కించడం అంతా తాతా మన్సూరూ కలిసి చేశారు. ఒకరు చెయ్యి చాపితే ఇంకొకరు ఏ పానా కావాలో అడక్కుండా అందించారు. మధ్యాహ్నం మూడింటికి కొత్త పెట్రోలు పోసి, మొగుడూ పెళ్లాలిద్దరినీ బండెక్కించి, "కొండ ఎక్కి ఫోను చెయ్యండి. నువ్వు చెవిలో ఫోను తియ్యి" అని గోపాలరావును పంపాడు.

మేం నలుగురం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ముప్పావుగంటకు తాత జేబులో ఫోను మోగింది. తాత రోడ్డు వంక చూస్తూనే ఉన్నాడు. రెండోసారి మోగింది. నాన్న లేచి, తాత జేబులోంచి ఫోను తీసి, నొక్కి, స్పీకరు పెట్టాడు.

"బాబాయ్! శనగల్లేవు! పైదాకా వచ్చేశాం, ఒక్క గింజ కూడా లేదు!" మల్లీశ్వరి గొంతు గాల్లో సన్నగా వచ్చింది. వెనక కోతుల అరుపులు.

తాత నా వంక చూశాడు. "ఏమంటంది?"

"శనగల్లేవంట తాతా."

"ఉండవు" అన్నాడు తాత.

నాన్న ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఫోను మోగడం వినపడలేదని చూశాడు. మల్లీశ్వరి మాట అందలేదని చూశాడు. ఎదురుగా బాగుపడిన బండి కబురూ విన్నాడు. "అబ్బా, ఆడమనిషి మాట కూడా నీకు వినపళ్లేదు గదా" అన్నాడు.

"ఒప్పందం బండి గురించిరా. మనిషి గురించి కాదు." తాత నాన్న చేతిలోంచి ఫోను తీసుకుని జేబులో తాళం పక్కన వేసుకున్నాడు. "మనిషి మాట వినపడకపోతే మళ్లీ చెప్పమంటా. నాకేం సిగ్గా?"

మన్సూర్ పోతూ పోతూ తాత చేతులు రెండూ పట్టుకున్నాడు. మర్నాడు తన షాపుకు వచ్చిన ఒక రైతును, "ముందు నోటితో పలుకు" అన్నాడని తెలిసింది. కంప్యూటరు పక్కనే.

నాన్న చెవుల డాక్టరు మాట మళ్లీ ఎత్తాడు. తాత మళ్లీ కాదన్నాడు. ఈసారి ఇద్దరి గొంతుల్లోనూ కోపం లేదు. తాళం తాత జేబులోనే ఉంది. మల్లీశ్వరి దారిన పోయినప్పుడల్లా షెడ్డు ముందు దిగి ఒక పొట్లం ఇచ్చిపోతుంది. వేయించిన శనగలు. తాత వాటిని అదే పళ్లతో నములుతాడు.

ఇదంతా రాసి, నిన్న షెడ్డులో కూర్చుని తాతకు చదివి వినిపించాను, గట్టిగా, ఎలచ్చన్లో మైకు పట్టుకున్నట్టు. మొదటి మాటలకు ముసిముసిగా నవ్వాడు. బావమరిది సంగతి నిజమేనన్నాడు. కొండ దగ్గరికి వచ్చేసరికి నేను ఆగాను. ఆయన వీపు మీద కొట్టిన సంగతి నాన్నకు ఇంతవరకు తెలియదు. ఇది అచ్చయితే చదువుతాడు. శనగలు విన్నది తాత చెవి కాదు, నా చెవి అని తెలిస్తే ఒప్పందం చెల్లదంటాడు. తాళం అడుగుతాడు.

"ఆ ముక్క తీసేయనా తాతా?" అన్నాను.

తాత స్క్రూడ్రైవరు పిడిని లుంగీకి తుడిచి పక్కన పెట్టాడు.

"తియ్యమాక. రాయి. శనగలు నీకే వినపడ్డయ్యి. అయ్యి ఏందో నీకు తెలిసిందా? అది కూడా రాయి."